మావయ్య ఫోను రూటు చేసిన వైనం

ఆ రోజుల్లో మా హాస్టల్లో ఎవడు గొప్పవాడో తేల్చేది మార్కులు కాదు, వాడి చేతిలో ఉన్న ఫోను వాడి మాట ఎంత వింటుందన్నది. ఇప్పటి పిల్లలకి చెబితే నవ్వుతారు గానీ, అప్పట్లో టచ్ ఫోను కొనుక్కోవడం వేరు, అది మనదవడం వేరు. కొత్త ఫోను డబ్బాలోంచి తీస్తే చాలు, మనం అడగని ఆటలూ, అక్కర్లేని దుకాణాలూ, ఊరికే మబ్బులు చూపించే వాతావరణం బొమ్మలూ పిలవని చుట్టాల్లా తిష్ఠ వేసుకుని ఉండేవి. తీసేద్దామని చూస్తే 'కుదరదు' అనేది ఫోను. కొన్నవాడికి కుదరదని చెప్పడానికి నువ్వెవరివి అని మాకు ఒళ్లు మండిపోయేది. ఖరీదైన ఫోన్లున్నవాళ్లు ఆ కట్లు తెంచడాన్ని జైల్‌బ్రేక్ అనేవారు. మాలాంటివాళ్ల ఫోన్లకి అదే పని పేరు రూటు. పేరేదైనా పని ఒకటే, కంపెనీవాడు వేసిన తాళం తీసి ఇంటికి మనమే యజమానులమైపోవడం. ఇది పదేళ్ల పైమాట. నేనప్పుడు రాజాంలో ఇంజనీరింగ్ చదువుతున్నాను (చదువుతున్నానని మా ఇంట్లోవాళ్లు నమ్మేవారు).

ఈ విద్యలో మా అందరికీ గురువు నా గదిలోనే ఉండేవాడు. వాడిది పాతపట్నం. హాస్టల్లో మేమంతా ఒకరినొకరం బావా అనే పిలుచుకునేవాళ్లం కాబట్టి, తేడా తెలియడం కోసం వాడికి రూటు బావ అని పేరు పెట్టాం. మూడు మీటలు ఊడిపోయిన లాప్‌టాప్ ముందేసుకుని, పళ్ల మధ్య కేబుల్ పట్టుకుని వాడు కూర్చుంటే చూడాలి, ఆపరేషన్ థియేటర్లో పెద్ద డాక్టరు కూడా అంత ధీమాగా ఉండడు. రూటు వల్ల లాభాలేమిటని అడిగితే చాలు, వాడికి పూనకం వచ్చేది. "సూడు బావా! బేటరీ రెండ్రోజులొస్తాది. అక్కర్నేని సెత్తంతా పీకి పారెయ్యొచ్చు. సౌండు పెంచితే పక్క హాస్టలోళ్లు లెగుస్తారు. కంపెనీవోడు కొత్త వెర్షనివ్వకపోతే మానీ, మనమే ఎక్కించీవొచ్చు!" మరి నష్టాలు? "నష్టాలేటి, వారంటీ పోతాది. వారంటీ ఎవుడైనా వాడినాడేటి ఇప్పుడుదాకా?" ఇంకేమీ లేదా అని గుచ్చి అడిగితే, గొంతు బాగా తగ్గించి, "ఒకోసారి ఫోను ఇటికైపోతాది" అనేవాడు. ఇటుక అంటే ఏమిట్రా అన్నాను. "ఇటికంటే ఇటికే. గోడ కట్టుకోవొచ్చు" అని కేబుల్ మళ్లీ నోట్లో పెట్టుకున్నాడు.

ముందు నా ఫోనే చేశాం. బ్రహ్మాండంగా అయింది. ఆ దెబ్బతో నాకు కొమ్ములొచ్చాయి. బస్సులో పక్కవాడు ఫోను తీస్తే నా వేళ్లు దురద పెట్టేవి. 'ఇంత మంచి ఫోను, పాపం తాళంలోనే ఉంది' అని నిజంగా జాలిపడేవాణ్ణి. అలాంటి ఊపులో ఉన్నప్పుడు వేసవి సెలవులకి మా అమ్మ పుట్టింటికి, మా మావయ్య దగ్గరికి వెళ్లాను.

మావయ్యది సముద్రం ఒడ్డున మత్స్యకారుల పల్లె. సొంత ఇంజను పడవుంది. వేసవిలో చేపలు గుడ్లు పెట్టే కాలమని ఇంజను పడవలకి వేట నిషేధం ఉంటుంది కదా, ఆ రోజులవి. పడవలన్నీ ఒడ్డునెక్కి ఉన్నాయి, మగవాళ్లందరూ వలలు బాగుచేసుకుంటున్నారు, మావయ్య మాత్రం పాకలో కూర్చుని ఫోనుని ముక్కుకి ఆనించుకుని తిట్టుకుంటున్నాడు. సంగతేమిటంటే, సముద్రంలో మైలురాళ్లుండవు. నీళ్ల అడుగున రాళ్లున్న చోట చేప చేరుతుంది, ఆ చోటు తెలిసినవాడే వేటగాడు. మా తాత తన జన్మంతా తిరిగి కనిపెట్టినవీ, మావయ్య కనిపెట్టినవీ కలిపి అలాంటి చోట్లు పదమూడు. వాటిని గుర్తులు అంటారు. మూణ్ణాలుగేళ్లుగా మావయ్య ఆ పదమూడు గుర్తుల్నీ ఫోనులోని ఒక మ్యాపులో పెట్టుకుని, అది చూపించిన చోట గేలం వేస్తున్నాడు. ఈ గుర్తులు ఆ పల్లెలో అన్న తమ్ముడికి చెప్పడు. ఒడ్డు మీద వాటి మాటెత్తరు, కాగితం మీద రాయరు. వేటలో ఉండగా ఎదురుగా ఇంకో పడవ కనబడితే గేలాలు గబగబా పైకి లాగేసి, బీడీ వెలిగించుకుని, ఇంజను పాడైనట్టు దిగులుగా కూర్చుంటారు. (ఒకసారి ఇలా కూర్చున్న మావయ్యని నిజంగానే పాడైందనుకుని ఎవరో తాడు కట్టి ఒడ్డుకి లాక్కొచ్చేశారట. పోనీలే అని ఆయన కిక్కురుమనకుండా వచ్చేశాడు.)

"ఒరే, ఇందల తెలుగు రాదేటిరా?" అన్నాడు నన్ను చూడగానే. "గుర్తులికి పేర్లెడదామంటే అచ్చరాల బదులు డబ్బాలొస్తన్నాయి. ఒకటీ రెండూ అని నంబర్లెట్టుకుంటే మూడేదో ఎనిమిదేదో పోలిక తెల్దు. వేట ఆపకముందు ఓనాడు మూడుకెల్లాలని ఎనిమిదికెల్లి, ఆయిలంతా మండబెట్టీసినాను."

నా గుండె ఎగిరి గంతేసింది. అప్పటి చవక ఫోన్లలో తెలుగు అక్షరాలుండేవి కావు, అన్నీ ఖాళీ డబ్బాలే. దానికి మందు ఒక్కటే, రూటు. "మావయ్యా, నాకు రెండ్రోజులియ్యి. నీ ఫోను నిలువెల్లా తెలుగు మాట్లాడేలా చేసి తెస్తాను" అన్నాను. ఆయన వేళ్ల మీద రోజులు లెక్కపెట్టుకున్నాడు. వేట మొదలవడానికి ఇంకో పది రోజులుంది. చివరికి ఫోను నా చేతిలో పెట్టి, వదలకుండా పట్టుకుని, "ఆ నీలం బొమ్మ మాత్రం తెరవకు. నీ మీద నమ్మకం నేక కాదు. మీ తాతకిచ్చిన మాట" అన్నాడు. గుర్తులున్న మ్యాపు అదే. నేను తలమీద చెయ్యి పెట్టుకుని ఒట్టేశాను. జీవితంలో పెద్దల మాట అక్షరాలా పాటించింది ఆ ఒక్కసారే. కొంప ముంచింది కూడా అదే.

మర్నాడు మిట్టమధ్యాహ్నం, తప్పిన పరీక్షలు రాయడానికి సెలవుల్లోనూ సగంమంది ఉండిపోయిన హాస్టల్లో, మా గదిలో, ఫ్యాను కింద శస్త్రచికిత్స మొదలైంది. మేమేం ఒళ్లు తెలియని వాళ్లం కాదు. ఫోనులో ఉన్నదంతా తుడిచిపెట్టుకుపోతుందని తెలుసు. అందుకే నంబర్లన్నీ కాపీ తీశాం, అత్త పాటలు తీశాం, పడవకి రంగేసినప్పటి ఫొటోలు తీశాం. "ఈ నీలందో?" అన్నాడు రూటు బావ. "అది తెరవనని ఒట్టేశాను" అన్నాను. "తెరవకపోతే అందలోది కాపీ ఎలగవస్తాది?" అన్నాడు వాడు. ఆ ప్రశ్న దగ్గర ఒక్క నిమిషం ఆగి ఉంటే ఈ కథే లేదు. కానీ అప్పటికే మా ఇద్దరికీ హుషారు నెత్తికెక్కింది. "మ్యాపు కదా, అవన్నీ ఇంటర్నెట్లోనే ఉంటాయి, మళ్లీ ఎక్కిస్తే వాటంతటవే వచ్చేస్తాయి" అని నేనే చెప్పాను. నాకు తెలియని విషయాన్ని అంత గట్టిగా నేను ఇంకెప్పుడూ చెప్పలేదు. తెర మీద ఎర్రక్షరాల్లో ఇంగ్లీషు హెచ్చరిక ఒకటి వచ్చింది. ఇంగ్లీషు మీడియంలో చదువుతున్న మేమిద్దరం దాన్ని చదవకుండా 'సరే' అని నొక్కాం.

ఫోను ఆరిపోయింది. వెలిగింది. కంపెనీ గుర్తు వచ్చింది, పోయింది. మళ్లీ వచ్చింది, మళ్లీ పోయింది. అలా ఒక గంట. రూటు బావ కేబుల్ నోట్లోంచి తీసి పక్కన పెట్టాడు (అది ఎంత చెడ్డ లక్షణమో వాడితో ఉన్నవాళ్లకే తెలుసు). "బావా... ఇటికలగే ఉన్నాది" అన్నాడు మెల్లగా. నేను లేచి అరసవల్లి దిక్కుకి తిరిగి దణ్ణం పెట్టుకున్నాను. స్వామీ, నాది కాదు, మా మావయ్యది, నువ్వే దిక్కు. వాడు అది తీసి ఇది ఎక్కించి, ఇది తీసి అది ఎక్కించి, నాలుగోసారి నొక్కగానే తెర తెల్లగా విచ్చుకుంది. పైన, నల్లటి గుండ్రటి అక్షరాల్లో, 'స్వాగతం' అని ఉంది! ఇద్దరం ఎగిరి కావలించుకున్నాం. మంచం మీదెక్కి గెంతాం. పక్క గదుల వాళ్లు పరిగెత్తుకొచ్చి చూసి వాళ్లూ గెంతారు. గడియారం, సందేశాలు, పరిచయాలు, అన్నీ తెలుగు! ఆ సాయంత్రం రాజాం సెంటర్లో నేనే అందరికీ టీలు పోయించాను.

మావయ్య ఇంటి అరుగు మీద ఆ ఫోను ఆయన చేతిలో పెట్టిన క్షణం నాకిప్పటికీ కళ్లకు కట్టినట్టుంది. అయిదో తరగతి దాకా చదివిన మనిషి, ముక్కు దగ్గర పెట్టుకుని, ఒక్కో అక్షరం కూడబలుక్కుని, "గ... డి... యా... రం!" అని ఎలుగెత్తి చదివి, "ఇటు రాయే, ఫోన్ల తెలుగొచ్చీసినాది!" అని అత్తని కేకేశాడు. నా భుజం మీద చరిచిన చరుపుకి నేను ముందుకి తూలాను. ఆ తర్వాత ఆయన నన్నూ అత్తనీ కొంచెం దూరం జరగమని, అటు తిరిగి, హాస్టల్లో మళ్లీ ఎక్కించిన నీలం బొమ్మ తెరిచాడు.

తెరంతా నీలంగా సముద్రం. అందులో ఒక్క గుర్తు లేదు.

"ఏటిరా, ఇంకా రానట్టున్నాయి?" అన్నాడు. వస్తాయి మావయ్యా అన్నాను. అయిదు నిమిషాలు చూశాం. పది నిమిషాలు చూశాం. మ్యాపు ఇంటర్నెట్లోంచే వచ్చింది గానీ, ఆయన పెట్టుకున్న గుర్తులు మాత్రం ఆ ఫోను కడుపులోనే ఉండేవని, వాటిని మా చేతులతో మేమే కడిగేశామని నాకు అప్పుడు అర్థమైంది. నోరు తెరిచి నిజం చెప్పాను. అత్త చేతిలో చేట కిందపడింది. "మేనల్లుడని సేతికిస్తే ఇల్లు కూల్సీసినావు కదరా గుంటడా! మీ తాత గుర్తులు, మీ మావ గుర్తులు, పదమూడూ ఎల్లీసినాయా?" అని తల బాదుకుంది. మావయ్య ఫోను ఆపి చొక్కా జేబులో పెట్టుకుని, "ఎవురికీ సెప్పకండి" అని మాత్రం అని, సముద్రం వైపు నడిచి వెళ్లిపోయాడు. తిడితే బాగుండేది. ఆ వారం రోజులు నాకు అన్నం సహించలేదు. రూటు బావ ఫోను చేసి "మావయ్యేటన్నాడు?" అని ఉత్సాహంగా అడిగితే, ఏడుపొచ్చింది.

నాకున్న ఆశ ఒక్కటే. ఫోనులు రాకముందు కూడా మావయ్య వేటకి వెళ్లేవాడుగా! అప్పట్లో ఒడ్డుని చూసి గుర్తు పట్టేవారు. దూరంగా కొండ, దగ్గరగా చెట్టు, ఈ రెండూ ఒకే గీతలోకి వచ్చే చోటు ఒకటి. మరోపక్క గుడి, దిబ్బ ఒకే గీతలోకి రావడం ఇంకొకటి. ఆ రెండు గీతలూ కలిసిన చోట గేలం. నిషేధం ముగిసిన రోజు పొద్దున్నే పల్లెంతా ఒడ్డున చేరింది. పడవలకి పసుపు కుంకాలు, కొబ్బరికాయలు, డప్పులు, గంగమ్మ తల్లికి జేజేలు. నేను జనం వెనక నిలబడ్డాను. అప్పుడు మావయ్య తన పడవలో పనిచేసే వాళ్లని నాలుగు రోజులాగి రమ్మని పంపేసి, నా వైపు చూసి, "ఎక్కు" అన్నాడు. "ఇవాల మనిద్దరమే. తుడిసినోడివి నువ్వే, రాసీవోడివీ నువ్వే. నేను సెప్పిన కాడల్లా ఫోన్ల నొక్కు." సంతోషంతో పడవలోకి దూకి, ముందు వలమీద, తర్వాత ఐసు పెట్టెమీద, చివరికి నడుంమీద పడ్డాను.

ఒడ్డు సన్నగా అయ్యాక ఆయన పెట్టిన మొదటి షరతు ఇది: "మొకం అటేపు, సముద్రం మీదకెట్టుకో. ఒడ్డు సూడకు." గుర్తులు నా కంట పడకూడదు మరి. ఒడ్డు కనబడకుండా కెరటాలే చూస్తూ కూర్చుంటే ఏమవుతుందో అనుభవమున్నవాళ్లకి చెప్పక్కర్లేదు. పొద్దున తిన్న చద్దన్నం మొత్తం బయటికొచ్చింది. "కక్కినా అటేపే కక్కు, ఇటు తిరక్కు" అన్నాడు. ఒక చేత్తో ఫోను, ఒక చేత్తో పడవ అంచు, మధ్యలో నేను. వెనక ఆయన ఇంజను ఆపడం, సీసపు గుండు కట్టిన తాడు వదలడం, లాగడం వినబడుతున్నాయి. గుండు రాయిని తాకితే టక్కుమని తాడులో తెలుస్తుందట, ఇసకైతే మెత్తగా కూర్చుంటుందట. "ఇసకే" అన్నాడు. కొంచెం జరిగాం. "ఇసకే." ఇంకొంచెం. "ఇసకే." సూర్యుడు నెత్తికెక్కుతున్నాడు. ఎక్కడా రాయి తగల్లేదు. దూరంగా వేరే పడవల వాళ్ల అరుపులు వినబడుతున్నాయి, వాళ్లకి చేప పడుతోంది. వెనక గుండు వదలడం కూడా ఆగిపోయేసరికి, ఇంక ఉండబట్టలేక, "ఏమైంది మావయ్యా, మర్చిపోయావా?" అన్నాను.

"మరిసిపోనేదురా" అన్నాడు. గొంతు వేరుగా ఉంది. "కనబడతనేదు."

ముందు నాకు అర్థం కాలేదు. మెల్లగా చెప్పాడు. కళ్లకి పొరలొచ్చి నాలుగేళ్లయిందట. కొండ కనబడుతుంది గానీ కొండ ముందున్నది మంచులో ఉన్నట్టుంటుందట. చెబితే పడవ ఎక్కనివ్వరని అత్తకి కూడా చెప్పలేదట. ఆ ఫోను కొన్నది అందుకేనట. మూడుకీ ఎనిమిదికీ పోలిక తెలియంది అందుకేనట! నేనేమో ఫోనులో తెలుగు లేకపోవడం ఆయన కష్టమనుకున్నాను. ఆ పూట సముద్రం మధ్యలో నాకు కలిగిన సిగ్గు ఇప్పటికీ గుర్తే. ఆయన కళ్లనే తుడిచేసి, టీలు పోయించి వచ్చాను నేను.

"ఇటు తిరుగు" అన్నాడు మావయ్య. "తిరుగు. ఏటి కనబడతందో సెప్పు."

తిరిగాను. ఒడ్డంతా ఒక్కసారి కళ్లముందుకి వచ్చింది. చెప్పడం మొదలుపెట్టాను. రెండు మూపుల కొండ ఉంది, ఎడమపక్క దిబ్బకి సూటిగా తెల్ల గుడి ఉంది. "కుడేపు మూడు తాడిసెట్లు?" ఒక్కటీ లేదు మావయ్యా. "తుపాన్ల పడిపోనాయి కామాల. మరేటున్నాది అక్కడ?" సెల్ టవరుంది. ఆయన పకపకా నవ్వాడు. వారం రోజుల తర్వాత ఆ నవ్వు వినడం! "అయితే టవరే మన తాడిసెట్టు. ఆ టవరు కొండ రెండు మూపుల మద్దెకి వొచ్చినప్పుడు సెప్పు." ఆయన పడవ తిప్పుతున్నాడు, నేను అరుస్తున్నాను. ఇంకా రాలేదు, ఇంకా, కొంచెం ఎడమకి, వస్తోంది, వస్తోంది, వచ్చేసింది మావయ్యా! గుండు వదిలాడు. తాడు నా చేతికే ఇచ్చాడు. కిందికి, కిందికి, కిందికి వెళ్లి, టక్! అరచేతిలో తెలిసింది. నేను వేసిన కేకకి పక్క పడవల వాళ్లు ఇటు తిరిగారు. మావయ్య వెంటనే బీడీ తీసి దిగులుగా మొహం పెట్టాడు. నేనూ పెట్టాను. వాళ్లు అటు తిరగ్గానే గేలం వేశాం. మూరెడు పొడుగు ఎర్రచేప ఒకటి గింజుకుంటూ పైకొచ్చింది. ఆ చేపని నేను ముద్దు పెట్టుకున్నాను (వాసన రెండు రోజులు పోలేదు).

ఆ రోజు అయిదు గుర్తులు, మూడు రోజుల్లో మొత్తం పదమూడూ దొరికాయి. ఒక్కోదానికీ ఆయన చెప్పిన పేరు తెలుగులో, పెద్దక్షరాల్లో నేనే ఎక్కించాను. చివరి రోజు ఒడ్డుకి వస్తూ, "మావయ్యా, కళ్ల ఆపరేషన్ చేయించుకుంటావా, లేకపోతే ఈ పదమూడూ పల్లెంతా చాటించమంటావా?" అని బెదిరించాను. నన్ను ఎగాదిగా చూసి, "మీ తాతే నయం, ఇంత దుర్మార్గుడు కాడు" అన్నాడు. ఆ నెలలోనే శ్రీకాకుళంలో ఆపరేషనయింది.

ఇప్పుడు నేను ఫోన్లకి ప్రోగ్రాములు రాసే ఉద్యోగంలో ఉన్నాను. ఎవరైనా రూటు చెయ్యమంటావా అని అడిగితే, వద్దనే చెబుతాను. తాళం తీసిన ఫోనులో బ్యాంకు పని చెయ్యదు, దొంగలకి దారి ఇచ్చినట్టవుతుంది, తెలుగు ఎలాగూ ఇప్పుడు అన్నిటిలోనూ ఉంది, ఎందుకొచ్చిన తంటా అని పెద్దమనిషిలా అంటాను. అంటూనే, ఎర్రక్షరాలు చదవకుండా 'సరే' నొక్కి మంచమెక్కి గెంతిన ఆ ఇరవయ్యేళ్ల వెర్రిబాగులవాడు గుర్తొస్తే, నాకు తెలియకుండానే నవ్వొస్తుంది. వాడికంత జాగ్రత్త ఉండి ఉంటే మావయ్య ఎన్నాళ్లు ఆ పొరల కళ్లతో ఎవరికీ చెప్పకుండా పడవ నడిపేవాడో. ఏటా వేట మొదలయ్యే రోజుకి సెలవు పెట్టుకుని ఇప్పటికీ వెళ్తాను. మావయ్యకి ఇప్పుడు కళ్లు బ్రహ్మాండంగా కనబడతాయి, గుడి మీద వాలిన కాకిని కూడా చూపిస్తాడు. అయినా ఒడ్డు సన్నగా అయ్యాక ఇంజను తగ్గించి, ఎటో చూస్తూ, "ఒరే, ఏటి కనబడతందో సెప్పు" అంటాడు. నేను లేచి నిలబడి చెబుతాను.